కార్తీకంలో నత్తలు

విజయనగరం,
కార్తీక బహుళ ద్వాదశి.

మహారాజశ్రీ లెక్కల మాష్టారి సముఖమునకు,

మీ పాదపద్మములకు నమస్కరించి మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది. మీ పాదాలు నేను ఇన్నేళ్లుగా చూస్తున్నవే కనుక పద్మాల జోలికి పోవడం లేదు, ఉత్త నమస్కారం చేస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తున్నానని రాయడం ఆచారం. కాని తలవలేకపోతున్నాను. సోమవారం సాయంత్రం మురళి ఫోను చేశాడు. వేలూరు ఆసుపత్రిలో ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టనన్నారట. డాక్టరు ఎదురుగానే పెన్నుకి మూత బిగించి, దాన్ని మురళి జేబులో గుచ్చారట. "అమ్మా, నువ్వు రాయవే. నీ మాటైతే తిట్టుకునైనా వింటారు" అన్నాడు. పెళ్లీడు కూతురున్న మగాడు ఫోనులో ముక్కు చీదుతుంటే వినడం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, మీ పక్కనే ఉన్నాడుగా.

డాక్టరు మిమ్మల్ని మాట్లాడొద్దన్నాడు. వీడియో కాల్లో మీరు పలక మీద రాసి ఎత్తి చూపిస్తే నాకు పలక అంచు, మీ బొటనవేలు, పైన తిరిగే ఫ్యాను కనపడుతున్నాయి. మురళి ఫోను పట్టుకునే తీరు చిన్నప్పుడు బళ్లో జెండా పట్టుకున్నట్టే ఉంది, అది ఎప్పుడూ ఎటో చూస్తుంటుంది. పైగా ఈసారి నేను చెప్పాల్సిన వాటిలో వాడి చెవిన పడకూడనివి ఉన్నాయి. కనుక మీరు మొదలుపెట్టిన ఈ ఉత్తరాల పద్ధతే మేలు. స్పీడు పోస్టులో వేస్తాను.

సంతకం సంగతి మొదటే రాసేశాను, అది ఎక్కడికీ పారిపోదు. దాని దగ్గరికే వస్తాను. ముందు మీ ఉత్తరంలోని ప్రశ్నపత్రానికి జవాబులు రాస్తాను. తొట్టెలో చేపల సంగతి తేలేదాకా మీరు భార్య మాట వినరని నాకు అనుభవమే.

నీళ్ల గురించి అడిగారు. కుళాయి నీళ్లు పట్టి, మందు వాసన పోయేదాకా డాబా మీద టబ్బులో ఉంచుతున్నాను. వారానికోసారి తొట్టెలో పావు వంతు తీసి, అంతే కొత్తనీరు మెల్లగా పోస్తున్నాను. గొట్టం నోట పెట్టుకుని పీల్చి వదలమన్నారు. పీల్చాను. వదిలే లోపల మింగాను. సైఫన్ ఎలా పనిచేస్తుందో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన సైన్సు టీచరుకి, రిటైరయ్యాక చేపల మురికినీళ్లతో ప్రాక్టికల్సు పూర్తయ్యాయి. రుచి గురించి రాయను, మీ పథ్యం చెడుతుంది.

ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగొద్దన్నారు. కడగలేదు. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండుతున్నాను. మొన్నటి ముసురుకి కరెంటు పోయినప్పుడు, చేపలకి గాలి ఆడదేమోనని గ్లాసుతో నీళ్లు ఎత్తి ఎత్తి పోశాను, కాఫీ చల్లార్చినట్టు. ఎదురు డాబా లక్ష్మణమ్మ కిటికీలోంచి చూసి, "టీచరమ్మా, ఏటది, చేపలకి అభిషేకమేటి?" అని అడిగింది. అవునన్నాను. అంతకంటే నమ్మదగిన జవాబు నా దగ్గర లేదు.

డాబా మీద మేత నత్తల బకెట్టు గురించి అడిగారు. నత్తలు లక్షణంగా ఉన్నాయి. ఉండాల్సిన దానికంటే లక్షణంగా ఉన్నాయి. బకెట్టు దాటి పిట్టగోడ ఎక్కి ఊరేగుతున్నాయి. ఎందుకలా పెరిగిపోయాయో మీకు అనుమానం రావాలి. వస్తే కాసేపు అణుచుకోండి, నేనే చెబుతాను.

చింతపల్లి సముద్రపొడ్డు నుంచి చేపలు తెచ్చే దాలమ్మ మీ గురించి అడిగింది. కార్తీకం కదా, వీధిలో ఎవరూ నీసు కొనడం లేదు. ఖాళీ తట్టతో వచ్చి మన గడప మీద కూలబడి మంచినీళ్లడిగింది. తాగుతూ తొట్టె వైపు చూసింది.

"ఏటి పంతులమ్మా, ఇయ్యి ఇంకా ఎదగనేదేటి?"

"అవింతేనే. బఠాణీ గింజంత ఉంటాయి, బొటనవేలి గోరంత అయితే అదే వాటికి ఎదుగు."

"గోరంతేనా? పులుసెడితే గరిటికి అంటుకుని పోతాది."

"తినడానికి కాదు, చూడ్డానికి."

"ఓలమ్మ! మాష్టారు గోరు సూత్తారు, మీరు మేపుతారు, అయ్యి తిని తొంగుంతాయి. మా ఇంట్లో మా మావ కూడా ఇదే యాపారం." మళ్లీ కాసేపు చూసి, "మా సంద్రంలో ఈటి పెదనాన్న ఉన్నాడు. వల్లో పడితే పొట్ట ఉబ్బించుకుని బంతిలాగ కూకుంతాడు. ఇసం. ఇసకలోకి ఇసిరేత్తాం" అంది. లేస్తూ, "మాష్టారు గోరు ఎప్పుడొత్తారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న మీ ప్రశ్నపత్రంలో లేదు, నా దాంట్లో ఉంది.

మీ చివరి ప్రశ్న: "సైను అల్లరి తగ్గిందా? కాసు తింటున్నాడా? టాను గాజు దగ్గరికి వస్తోందా?" మీ గొంతు బొంగురుపోయి ట్యూషన్లు మానేసిన వేసంగిలో మనవరాలు ఈశ్వరి ఆ మూడు చేపల్నీ తెచ్చి, "తాతయ్యా, వీటికి పాఠం చెప్పక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు" అంది. మీరు చూసి ఊరుకోక త్రికోణమితి పేర్లు పెట్టి, రోజూ హాజరు తీసుకున్నారు. ఆ హాజరు పట్టీ సంగతి ప్రస్తుతానికి ఛాయిస్ కింద వదిలేస్తున్నాను. పరీక్షలో తెలిసినవి ముందు రాయమని పిల్లలకి చెప్పేవారు మీరే.

ఇక మీ ఉత్తరంలో రెండో పేజీ. "నలభై ఏళ్లు గొంతు పెట్టి బతికాను. అది కోసేశాక మిగిలేది నోరు తెరిచి మూసే బొమ్మ. ఉన్నన్నాళ్లు ఇంటికొచ్చి చేపల ముందు కూర్చుంటాను. పిలిస్తే పలికే మనిషిగానే పోతాను" అని రాశారు. తెలుగు మాష్టారు ఇలా రాస్తే నేను భయపడేదాన్ని కాదు. వాళ్లకది వృత్తి. లెక్కల మాష్టారు ఇంత నునుపుగా రాశారంటే ఎన్నిసార్లు కొట్టివేసి తిరగరాశారో కదా, ఎన్ని రోజులుగా ఇదే ఆలోచిస్తున్నారో కదా అని ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాను.

డాక్టరు చెప్పింది మురళి నాకు పూర్తిగానే చెప్పాడు. కొయ్యకపోతే గొంతులో ఆ పుండు పెరిగి ఊపిరి దారి మూసేస్తుంది. కోస్తే మెడ కింద చిన్న కన్నం, అందులోంచి ఊపిరి. మాట ఉండదు. తర్వాత ఏదో పరికరం పెట్టుకుంటే గరగరమని కొంత మాట రావచ్చట. మీరు పలక మీద "పగిలిన మైకు వద్దు" అని రాశారట. అక్కడి నర్సమ్మ తెలుగు రాకపోయినా మురళి అర్థం చెబితే నవ్విందట. మీ హాస్యానికి వేలూరులో అభిమానులు దొరికినందుకు సంతోషం. నాకు మాత్రం నవ్వు రాలేదు.

గొంతు పోతే ఏముందిలే అని నేను రాయను. రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. ఆ గొంతు ఏమిటో నాకు తెలిసినంత మీకు తెలియదు. మీరు దాన్ని లోపల్నుంచి విన్నారు, నేను బయట నుంచి విన్నాను. శృంగవరపుకోటలో ఆడపిల్లల బడికీ మగపిల్లల బడికీ మధ్య ఒకటే గోడ. నేను కొత్తగా చేరిన రోజుల్లో పిల్లలకి కప్పని కోసి చూపిస్తుంటే, గోడ అవతల నుంచి "కర్ణం మీది వర్గం!" అని ఒక గొంతు వచ్చి మా బల్ల మీద పడేది. నా పిల్లలు కప్పని వదిలేసి కిటికీ వైపు చూసేవాళ్లు. ఎవడీ అరుపులాయన, హెడ్మాస్టరుకి చెప్పాలి అనుకున్నాను. చెప్పడానికి వెళ్లాను. చెప్పకుండా తిరిగొచ్చాను. మీ ముఖం చూడకముందు నాకు మీ గొంతు తెలుసు. అలాంటిదాన్ని, దాన్ని కోయించుకోండని నేనే అడుగుతున్నానంటే ఏ స్థితిలో అడుగుతున్నానో లెక్క కట్టండి.

ఇప్పుడు వదిలేసిన ప్రశ్నకి వస్తాను. దీనికి జవాబు రాయాలంటే ముందు నా పరువు తీసుకోవాలి. తీసుకుంటున్నాను.

దీపావళి మర్నాడు మీరు రైలెక్కారు. మోకాళ్లతో నువ్వేం వస్తావు, ఇంట్లో ఉండి చేపల్ని చూసుకో అని నన్ను ఇక్కడ వదిలేసి పోయారు. మొదటి కార్తీక సోమవారం లక్ష్మణమ్మ ఆటో మాట్లాడుకుని పుణ్యగిరి కొండ మీది శివాలయానికి పోతూ, "ఒక్కర్తీ ఇంట్లో ఏటి సేస్తారు, రండి" అంది. కింద కూర్చుంటానని వెళ్లాను. కింద కూర్చోలేదు. మెట్లన్నీ ఎక్కాను. లక్ష్మణమ్మ దీపాలు వెలిగించుకునే సందు చూసి, ఎవరూ వినకుండా మొక్కుకున్నాను. అవును, నేనే. మూఢనమ్మకాల మీద వ్యాసరచన పోటీలు పెట్టి బహుమతులు పంచిన నేనే. "ఈ కార్తీకం వెళ్లేదాకా మా ఇంట్లో నా వల్ల ఒక్క ప్రాణీ పోదు. ఆయన ప్రాణం నిలబెట్టు" అన్నాను. ఒంటిపూట భోజనం కూడా కలిపాను, బేరంలో కొసరు లాగ. దిగేటప్పుడు మోకాళ్ల నొప్పి కంటే సిగ్గు ఎక్కువైంది. మీకు రాయలేదు. రాస్తే మీరు నవ్వుతారు. నవ్వకూడదని డాక్టరు చెప్పలేదు గాని, నన్ను చూసి కాదు.

ఇంటికొచ్చి దీపం పెట్టి తల తిప్పితే, మీ మూడు చేపలూ గాజు దగ్గర వరసగా నిలబడి నా వైపు చూస్తున్నాయి. వాటి తిండి వేళ. అప్పుడు తట్టింది నాకు, నేను ఏం మొక్కానో. శాకాహారులు, మాంసాహారులు అని బోర్డు మధ్య గీత గీసి, చేపల్ని ఏ వైపు రాయాలో పిల్లల చేత చెప్పించినదాన్ని. నత్తని గుల్లతో సహా కొరుక్కు తినే ప్రాణుల్ని ఇంట్లో పెట్టుకుని, నా వల్ల ప్రాణి పోదని శివుడికి మాటిచ్చి వచ్చాను.

మొదట వకీలు వేషం వేశాను. మీరు ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన దాచిన ఎర్రపురుగుల గడ్డలు ఉన్నాయి కదా, అవి అప్పటికే చచ్చినవి, నా పద్దులోకి రావు అనుకున్నాను. అవి వేసినన్నాళ్లు అందరం బాగానే ఉన్నాం. ముసురుకి కరెంటు పోయి రాకపోయేసరికి గడ్డలు కరిగి కంపెత్తాయి. పారేశాను. చేపల షాపుకి వెళితే, వైజాగ్ నుంచి సరుకు రాలేదన్నారు. డాబా మీద నత్తలేమో గోడెక్కి ఊరేగుతున్నాయి. నేను వాటిని ముట్టలేదు.

ముట్టకుండా ఏం చేశానో వినండి. మాంసకృత్తులు ఎక్కడున్నా మాంసకృత్తులే కదా అని, మీల్‌మేకర్ నానబెట్టి, పిండి, పురుగుల్లాగ పోగులు పోగులుగా చీల్చి, బీట్‌రూటు రసంలో ముంచి ఎర్రగా చేసి తొట్టెలో వేశాను. మీరు చూసినా మోసపోయేవారు. సైను వచ్చి ఒకటి నోట పెట్టుకుని, నా కళ్లలోకి చూసి, ఉమ్మేశాడు. ఇన్నేళ్ల కాపురంలో మీరు కూడా నా వంటని అలా ముఖం ఎదుటే ఉమ్మలేదు. టాను వాసన చూసి వెనక్కి తిరిగింది. కాసు ఒక్కడే, పాపం మొహమాటస్తుడు, రెండు మూడు సార్లు నమిలి చూశాడు. ఆకలికి దారి తెలుస్తుంది, అవే తింటాయి అని నేను మళ్లీ వేశాను. మర్నాడు కూడా వేశాను. తినని పోగులు మొక్కల మొదట్లోకి జారి, కనపడకుండా కుళ్లాయి. నీళ్లు పలచటి గంజిలా అయ్యాయి. నీళ్లు మార్చడం మొదలుపెట్టేసరికి కాసు ఫిల్టరు పక్కన, పొట్ట బంతిలా ఉబ్బించుకుని, పక్కకి ఒరిగి ఉన్నాడు. ఆ ఉబ్బు ముచ్చటగా ఉంటుందని వీధి పిల్లలు అది చూడాలని గాజు కొడుతుంటే, "వాడు ఆడుకోవడం లేదురా, భయపడుతున్నాడు" అని మీరు కసిరేవారు. నేను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఉబ్బు తగ్గలేదు. గోరింట కుండీలో పాతిపెట్టాను. ఆ రోజు మీకు రాసిన ఉత్తరంలో "మువ్వురూ కులాసా" అని రాశాను. అది అబద్ధం. ఇద్దరే ఉన్నారు.

ప్రాణి పోకూడదన్న మొక్కు వల్ల ఒక ప్రాణి పోయింది. అక్కడితో నా మొక్కు ముగిసిందని తెలివైనవాళ్లు ఎవరైనా అనుకుంటారు. నేను అనుకోలేదు. అది పొరపాటు, నత్తని వేస్తే అది తెలిసి చేసినట్టు అని ఇంకో వాదం పట్టుకుని వేలాడాను. భయం ఎంత చదువునైనా అక్షరాలు మరిచేలా చేస్తుంది మాష్టారూ. టాను పొట్ట లోపలికి పోయి, తల ఒక్కటే పెద్దదిగా కనపడసాగింది. అయినా గాజు దగ్గరికి రావడం మానలేదు.

సోమవారం మధ్యాహ్నం ఇంక చూడలేకపోయాను. డాబా మీదికి వెళ్లి చిన్న చిన్న నత్తల్ని అరచేతిలో ఏరుకొచ్చి తొట్టెలో వేశాను. టాను ఒక్క క్షణం ఆగి, కళ్లు తిప్పి గురి చూసి, మీదపడింది. గుల్ల పగిలిన చప్పుడు గాజు ఇవతలికి వినపడిందని చెబితే మీరు నమ్మాలి. రెండో నత్త దగ్గర సైనుతో కలబడింది కూడా. నాకు ఎంత ఆనందమయిందంటే, మొక్కూ శివుడూ ఏదీ గుర్తుకు రాలేదు. ఆ ఆనందంలోనే టీ పెట్టుకుని తాగాను. తాగిన గ్లాసు కడుగుతుండగా మురళి ఫోను వచ్చింది, నాన్న సంతకం పెట్టనన్నారని.

కాకి వాలడానికీ తాటిపండు పడడానికీ సంబంధం లేదు, అది కాకతాళీయం అని ఎన్ని తరగతులకి చెప్పానో. ఆ సాయంత్రం నుంచి నాకు కాకే కనపడుతోంది. నేను నత్తని వేశాను, మీరు పెన్ను మూశారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే నిలబడి నన్ను చూస్తున్నాయి. తప్పని తెలిసి కూడా నమ్ముతున్నాను. నేను మీకు చెప్పలేక చెబుతున్నది ఇదే. మొక్కిన సంగతి కాదు, చేపని చంపిన సంగతి కూడా కాదు. నా చేత్తోనే మీ ప్రాణం మీదికి తెచ్చానని నమ్మే మనిషినైపోయాను.

లక్ష్మణమ్మకి చెప్పేశాను, ఇంకెవరికి చెబుతాను. పిట్టగోడ మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. అంతా విని నోరు నొక్కుకుంది.

"దీనికా ఇంతలాగ కుళ్లిపోతన్నారు? కైలాసంలో కూకుని మీ నత్తల్ని లెక్కెడతన్నాడేటి ఆయన?"

"మాటిచ్చాను లక్ష్మణమ్మా."

"ఇస్తే ఇచ్చారు. ఆయన మెడలో పాముందా నేదా? ఆ పాము ఏటి తిని బతుకుతన్నాదో పార్వతమ్మని అడగండి. పప్పన్నం తింతాదేటి?"

నవ్వాను. చాలా రోజుల తర్వాత. నవ్వడం మొదలుపెడితే అది ఏడుపులోకి తిరిగింది. ఆమె వత్తులు పక్కన పెట్టి నా వీపు రాసింది. "మాష్టారు గోరికి మీరే సెప్పండి. మనం సెప్పకపోతే ఆళ్లకేటి తెలుస్తాది? మగోళ్లు" అంది. అందుకే రాస్తున్నాను.

నాకు ఆమె మాట నచ్చింది గాని, గుండెకి ఎక్కలేదు. నాకు ఒకటే దారి కనపడుతోంది. మీరు సంతకం పెడితే నత్తకీ మీ మొండితనానికీ సంబంధం లేదని రుజువవుతుంది. నా సైన్సు నాకు దక్కుతుంది. పెట్టకపోతే మిగిలిన రోజులు నేను బకెట్టులో నత్తలకి దండం పెట్టుకుంటూ తిరుగుతాను. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయిన ఆడదాన్ని ఆ గతి పట్టించకండి.

మూగవాడితో నువ్వెలా వేగుతావు అని కూడా ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినవి చదవడం నా వృత్తి. దానికీ జవాబు రాస్తాను. మీరు వెళ్లే నాటికి నాకు టాను అంటే తొట్టెలో ఉన్న ఒక చేప. ఇప్పుడు అది ఆకలైతే ఎక్కడ నిలబడుతుందో, నీళ్లు పడకపోతే ఏ ఆకు కింద దూరుతుందో, సైను తరిమితే ఎవరికి ఫిర్యాదు చేయడానికి గాజు దగ్గరికి వస్తుందో నాకు తెలుసు. నేను వంటింట్లోకి పోతే నా వెంట గాజు చివరిదాకా ఈదుతుంది. ఒక కన్ను నా మీద, ఇంకో కన్ను నా చేతి మీద. ఆలస్యమైతే తోక మడిచి అటు తిరిగి అలుగుతుంది. ఇంత చిన్న ప్రాణి ఒక్క మాటైనా లేకుండా నన్ను నెల పాటు పని మనిషిని చేసి ఆడించింది. ఆరడుగుల మనిషి, పలక, బలపం, ఆ కనుబొమ్మలు, కూరలో ఉప్పు తగ్గితే కంచం జరిపే ఆ తీరు, ఇన్ని పెట్టుకుని మీరు చెప్పేది నాకు అర్థం కాదా? నిజం చెప్పాలంటే మీరు మాట్లాడినప్పుడే నేను సగం వినలేదు. పలక మీద రాస్తే తప్పించుకునే వీలుండదు.

అలాగని మీకేమీ పోవడం లేదని అనను. పోతుంది. పొద్దున్నే పేపరు గట్టిగా చదివే గొంతు ఈ ఇంట్లో ఉండదు. నాకు అది లేని ఇల్లు ఈ నెలలో తెలిసింది. కాని అది గొంతు లేని ఇల్లు కాదు, మీరు లేని ఇల్లు. రెండూ ఒకటి కావు. ఈ తేడా లెక్కల మాష్టారికి నేను చెప్పాల్సి వస్తోంది.

నేను వస్తున్నాను. కాట్పాడి దాకా రైలుకి కింది బెర్తు దొరికింది. మురళి స్టేషనుకి వస్తానన్నాడు. మోకాళ్ల గురించి రాయకండి, పుణ్యగిరి ఎక్కినవి వేలూరు ఆసుపత్రి మెట్లెక్కలేవా? చేపల్ని ఎవరికి అప్పగించాలా అని చూశాను. లక్ష్మణమ్మ కార్తీకం వెళ్లేదాకా నత్తని ముట్టనంది. పాము గురించి అన్ని మాటలు చెప్పిన మనిషే. చివరికి దాలమ్మ తాళం చెవి అడిగి తీసుకుంది. "నత్తల్ని నానేత్తాను, ఎల్లండి. మొగుడు అక్కడుంటే ఇక్కడ సేపల కాడ కూకుంతారేటి? నా తట్టలో అన్నేసి సేపలుంతాయి, ఎప్పుడైనా మా మావని ఒగ్గీసి ఈటి కాడ కూకున్నానా?" అని కేకలేసింది కూడా. దాలమ్మ చేతిలో అవి బతకొచ్చు, చావొచ్చు. మీరు అప్పగించిన పని నేను వదిలేసి వస్తున్నాను. సైను ఉన్నా, టాను ఉన్నా, ఇద్దరూ పోయి తొట్టె ఖాళీ అయినా, మీరు తిరిగొచ్చి నా మీద కోప్పడాలి. పలక మీద ఎంత పెద్ద అక్షరాలతోనైనా సరే. అంతకంటే నేను ఏ దేవుణ్నీ ఇంకేమీ అడగడం లేదు.

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుంది. నేను వచ్చేసరికి సంతకం అయి ఉండాలి. లేకపోతే మీ మంచం పక్కన కూర్చుని వార్డంతా వినేలా ఏడుస్తాను. నేను ఏడవడం మీరు ఎక్కువ చూడలేదు. చూడదగ్గది కాదు.

ఒక్క సంగతి మిగిలింది. సంతకం పెట్టాక, ఆపరేషను గదికి తీసుకుపోయే ముందు, డాక్టరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవండి. మీ అమ్మగారు ఉన్నప్పుడు "ఇదిగో" అన్నారు. మురళి పుట్టాక "మురళీ వాళ్లమ్మా" అన్నారు. రిటైరయ్యాక "ఏమోయ్" దాకా వచ్చారు. ఆ కాలంలో అందరూ అంతే, నేనూ మీ పేరు పలికిందాన్ని కాదు. కవర్ల మీద నా పేరు రాస్తారు, అది పోస్టుమాను కోసం. మీ నోటి నుంచి నేను ఇంతవరకూ వినలేదు. ఇన్నాళ్లూ తొందరేముందిలే అనుకున్నాను. గట్టిగా పిలవక్కర్లేదు, ఎంత మిగిలితే అంత గొంతుతోనే చాలు. పేరు మరిచిపోయి ఉంటే కింద రాస్తున్నాను, చూసుకోండి.

ఇట్లు,
మీ అర్ధాంగి,
కుసుమకుమారి.